డైసీ పువ్వూ, ఒక నిమిషం ప్రకటనా

ఈసారి చేమంతి పువ్వు చేతికొస్తే ఒక రేకు పీకి చూడండి. అది రేకు కాదు, ఒక పువ్వు! మధ్యలో పసుపుపచ్చగా గుండీలా కనపడేదంతా ఇంకెన్నో బుల్లి బుల్లి పూలు. చేమంతి, బంతి, పొద్దుతిరుగుడు, ఇంగ్లీషువాళ్ళ డైసీ... అన్నీ ఒకే కుటుంబం, అన్నిటిదీ ఇదే మాయ. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఒక పూలగుత్తి.

డైసీ రాత్రి ముడుచుకుని పొద్దున్నే విచ్చుకుంటుంది. అందుకే పాత ఇంగ్లీషులో దాన్ని 'పగటి కన్ను' అన్నారు. ఆ మాటే అరిగి అరిగి డైసీ అయ్యింది. పసితనానికీ, కల్లాకపటం లేనితనానికీ అది గుర్తు. ఒక్కో రేకూ తుంచుతూ "ప్రేమిస్తున్నాడు, ప్రేమించట్లేదు" అని లెక్కపెట్టే ఆట కూడా దీంతోనే.

ఆ పసితనాన్ని రాజకీయం ఎలా వాడుకుందో చూడండి. 1964 సెప్టెంబరు 7, అమెరికా. అధ్యక్ష ఎన్నికల్లో జాన్సన్ మీద గోల్డ్‌వాటర్ పోటీ. ఆ రాత్రి ఎన్‌బీసీ టీవీలో సినిమా మధ్యలో ఒక నిమిషం ప్రకటన. ఒక చిన్నపిల్ల డైసీ రేకులు తుంచుతూ లెక్కపెడుతుంటుంది, 5 తర్వాత 7 అంటూ ముద్దుముద్దుగా. ఇంతలో ఒక మగ గొంతు పది నుంచి వెనక్కి లెక్కపెడుతుంది. కెమెరా పాప కంట్లోకి వెళ్తుంది. సున్నా అనగానే అణుబాంబు పేలుతుంది. చివర్లో జాన్సన్‌కి ఓటెయ్యమని అడుగుతారు.

గోల్డ్‌వాటర్ పేరు ఎక్కడా లేదు! అణ్వాయుధాల గురించి ఆయన తేలిగ్గా మాట్లాడతాడని జనానికి అప్పటికే తెలుసు, మిగతాది వాళ్ళే పూరించుకున్నారు. మన భాషలో చెప్పాలంటే ప్రోగ్రాం వాళ్ళది, ఇన్‌పుట్ చూసేవాడిది. తయారీలో పాలుపంచుకున్న టోనీ ష్వార్ట్జ్ సిద్ధాంతమే అది. డబ్బిచ్చి వేయించింది ఒక్కసారే. గొడవైంది కాబట్టి వార్తల్లో మళ్ళీ మళ్ళీ ఊరికే చూపించారు.

జాన్సన్ 61 శాతం ఓట్లతో, 44 రాష్ట్రాల్లో గెలిచాడు. అది ఈ ప్రకటన ఘనతే అంటే నేనొప్పుకోను, ఆయన ముందు నుంచీ ఆధిక్యంలోనే ఉన్నాడు. నా బాధ వేరే. పువ్వు చూపించి శాంతి పేరుతో ఓటడిగినవాడే 1965 మార్చిలో వియత్నాంలోని డా నాంగ్‌లో మెరీన్లను దింపాడు. 1968కల్లా అక్కడున్న అమెరికా సైనికులు 5 లక్షల పైమాటే. అక్కడా పిల్లలున్నారు కదా?

ఆ ప్రకటన భయం అబద్ధమని నేననను. అణుబాంబుకి భయపడాల్సిందే. కానీ భయం నిజమైనంత మాత్రాన, దాన్ని చూపించి ఓటడిగేవాడు నిజాయితీపరుడైపోడు. ఈ రెండిటినీ విడదీసి చూడటమే మనకి చేతకాదు. ఇప్పుడు వాట్సాప్‌లో పసిపిల్లల బొమ్మ పెట్టి ఎవరి మీదో కోపం తెప్పించే వీడియో వస్తే, ఫార్వర్డ్ కొట్టేముందు ఒక్క నిమిషం ఆగుదాం. ఒక్క పువ్వులా కనపడే దాంట్లో ఎన్ని పూలున్నాయో లెక్కపెట్టి చూద్దాం. ఏమంటారు?