క్షయ చికిత్స: కంప్యూటర్ నమూనాలు

క్షయ మందులు ఊపిరితిత్తుల్లో ఎలా పనిచేస్తాయో కంప్యూటర్‌లో లెక్కగట్టే పద్ధతి. కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో కొత్తగా క్షయ బయటపడినవారికి జాతీయ కార్యక్రమం కింద సాధారణంగా రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు ఇస్తారు. వాటిలో ఒకటైన రిఫాంపిసిన్ పడగానే మూత్రం నారింజ రంగుకు తిరుగుతుంది. మందు ఒంట్లోకి చేరినట్టే. క్రిమి దాకా చేరిందా అన్నది వేరే సంగతి.

క్రిమి చుట్టూ రక్షణ కణాలు గుమిగూడి కట్టే గడ్డే గ్రాన్యులోమా. దాన్ని అనుకరించే నమూనాను మిషిగన్ విశ్వవిద్యాలయంలో డెనిస్ కిర్ష్‌నర్ బృందం 2004లో ప్రకటించింది. ఊపిరితిత్తి ముక్కను గళ్లుగా విడగొట్టి, ఒక్కో కణాన్ని గడి నుంచి గడికి నడిపిస్తారు. 2015లో అందులో మరో క్షయ మందు ఐసోనియజిడ్, రిఫాంపిసిన్‌ల కదలికలు కలిపారు. గడ్డ లోపల మందు గాఢత తరచూ చాలడం లేదని, నడుమనున్న మృతకణజాలంలో పెరగకుండా నక్కిన క్రిములు తప్పించుకుంటున్నాయని తేలింది. ఆరు నెలల చికిత్సకు ఇదొక కారణం.

ఈ నమూనాను సరిచూసింది ఎక్కువగా కోతుల సమాచారంతో. దక్షిణ భారతీయుల్లో చాలామంది శరీరం ఐసోనియజిడ్‌ను నెమ్మదిగా విరగ్గొడుతుంది కాబట్టి, ఆ అంకెలను గోదావరి డెల్టా రోగికి యథాతథంగా అంటగట్టడం తొందరపాటే. వేగంగా విరగ్గొట్టేవారికి, నెమ్మదివారికి వేర్వేరుగా లెక్క వేయాలి.