కోలీ కుక్కల రంగులు: మంద నుంచి ప్రదర్శనకు

పందొమ్మిదో శతాబ్దం మధ్య వరకూ స్కాట్లాండ్ కొండల్లో కోలీ కుక్క ఒంటి రంగును కాపరులు అంతగా పట్టించుకోలేదు. కొండలెక్కే ఓపిక, ఈల విని మందను మళ్లించే తెలివి ఉంటే చాలు. నల్లవి, నలుపు-గోధుమ-తెలుపు కలిసిన త్రివర్ణాలు, బూడిదనీలం మీద నల్ల మచ్చల మెర్ల్‌లు అన్నీ మందల వెంట తిరిగేవి.

1860లో బర్మింగ్‌హామ్ కుక్కల ప్రదర్శనలో కోలీలకు ప్రత్యేక విభాగం ఏర్పడింది. ఆ దశాబ్దంలోనే విక్టోరియా రాణి బాల్మోరల్‌లో వీటిని పెంచుకోవడంతో సంపన్నుల కన్నూ వీటి మీద పడింది. రంగుకు విలువ వచ్చింది అప్పుడే. 1860ల చివర్లో పుట్టిన ఓల్డ్ కాకీ అనే కుక్కది సేబుల్ రంగు, అంటే బంగారు గోధుమ. ప్రదర్శన కోలీల్లో ఆ రంగు వ్యాపించడానికి అదే మూలమని చెబుతారు.

సేబుల్ అంత త్వరగా పాకడానికి మోజు ఒక్కటే కారణం కాదు. బొచ్చు రంగును నియంత్రించే అగూటి జన్యువులో సేబుల్ బహిర్గత రూపం. తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ ఒక్క ప్రతి అందితే చాలు, పిల్ల సేబుల్ అవుతుంది. త్రివర్ణానికి రెండు అంతర్గత ప్రతులూ కావాలి. అందుకే అది సేబుల్ కింద తరతరాలు దాగి ఉండగలదు: ఆ ప్రతిని మోసే రెండు సేబుల్ కుక్కలను కలిపితే సగటున నాలుగింట ఒక పిల్ల త్రివర్ణంగా పుడుతుంది.

మెర్ల్‌కు ఇలా దాక్కునే వీలు దాదాపు లేదు. నల్ల బొచ్చు మీద ఒక్క ప్రతి ఉన్నా బయటపడుతుంది. కాబట్టి జనం సేబుల్ వైపు మళ్లి మెర్ల్‌లను పక్కన పెట్టేసరికి, శతాబ్దం చివరికి బ్లూ మెర్ల్ అంతరించే దశకు వచ్చింది. దాన్ని పట్టుదలగా నిలబెట్టిన పెంపకందారుల్లో డబ్ల్యూ. పి. ఆర్క్‌రైట్ ముఖ్యుడు.

మెర్ల్ కుక్కను నల్లదానితో జత చేస్తే పిల్లల్లో సగం మెర్ల్‌లు. ప్రమాదం రెండు మెర్ల్‌లను కలిపినప్పుడు. సగటున నాలుగింట ఒక పిల్లకు రెండు ప్రతులు అందుతాయి. అది చాలావరకు తెల్లగా పుడుతుంది. చెవుడు, చిన్న కళ్లు, అంధత్వం వచ్చే అవకాశం బాగా ఎక్కువ. లోపలి చెవి పనిచేయడానికి కూడా వర్ణక కణాలు కావాలి. అవి లేకపోతే వినికిడి పోతుంది. అందం కోసం తెలిసి తెలిసి ఇలాంటి జతలు కట్టడం క్రూరత్వమే.

ఈ లెక్కలన్నిటినీ జన్యుశాస్త్రవేత్త క్లారెన్స్ కుక్ లిటిల్ 1957లో కుక్కల రంగుల వంశపారంపర్యంపై రాసిన పుస్తకంలో ఒక క్రమంలో పెట్టాడు. మెర్ల్‌కు కారణమైన జన్యువు ఏదో మాత్రం 2006లో గానీ తేలలేదు. లీ ఆన్ క్లార్క్ బృందం, పీమెల్ అనే జన్యువులో అదనంగా చొరబడిన డీఎన్‌ఏ ముక్క మెర్ల్‌కు కారణమని చూపింది. మెలనిన్ పేరుకోవడానికి ఆధారమయ్యే ప్రోటీన్‌ను తయారుచేసేది ఈ జన్యువే.

మెర్ల్ ప్రభావం ప్రధానంగా నల్ల వర్ణకం మీద. సేబుల్ బొచ్చులో నలుపు తక్కువ కాబట్టి, సేబుల్ మెర్ల్ పిల్లకు పుట్టినప్పుడు కనిపించిన మచ్చలు పెరిగేకొద్దీ మాసిపోవచ్చు. పెద్దయ్యాక దాన్ని మామూలు సేబుల్ అనుకుని మరో మెర్ల్‌తో కలిపే ప్రమాదం ఉంది. అందుకే ఇప్పుడు సేబుల్ కోలీలను మెర్ల్‌తో జత కట్టే ముందు డీఎన్‌ఏ పరీక్ష చేయించడం మంచిది.