ఊపిరితిత్తుల శస్త్రచికిత్స: పద్ధతులు, కోలుకునే తీరు

వ్యాధి సోకిన ఊపిరితిత్తిని పూర్తిగా గాని, కొంతభాగం గాని కోసి తీసే చికిత్స ఇది. కుడి ఊపిరితిత్తికి మూడు, ఎడమదానికి రెండు లోబ్‌లు (విడి భాగాలు) ఉంటాయి. ఎంత తీశారన్నదాన్నే కాక, ఛాతీని ఎలా తెరిచారన్నదాన్ని బట్టి కూడా రోగికి నొప్పి, ఆయాసం మిగులుతాయి. ఈ రెండోది చాలాకాలం లెక్కలోకి రాలేదు. ప్రాణం దక్కితే చాలనుకున్న రోజులవి.

ఛాతీలో చేరిన చీమును గంటు పెట్టి తీయడం ప్రాచీన గ్రీకు వైద్యులకు తెలుసు. పంతొమ్మిదో శతాబ్ది చివరిదాకా అంతకుమించి చెప్పుకోదగిన మార్పు లేదు.

ఛాతీ తెరవగానే గాలి చొరబడి ఊపిరితిత్తి ముడుచుకుపోవడం పెద్ద అడ్డంకి. 1904లో బ్రెస్లావ్‌లో ఫెర్డినాండ్ సౌవర్‌బ్రుఖ్ ఇందుకోసం గాలి ఒత్తిడి తగ్గించిన గదిని సిద్ధం చేశాడు: రోగి తల బయట, మొండెం లోపల, సర్జనూ లోపలే. 1909లో అమెరికాలో మెల్ట్‌జర్, ఆవర్‌లు శ్వాసనాళంలోకి గొట్టంతో గాలి పంపే పద్ధతిని ప్రకటించాక ఆ గది అవసరం క్రమంగా తీరిపోయింది.

కోలుకోవడం దృష్ట్యా శాన్‌ఫ్రాన్సిస్కో సర్జన్ హెరాల్డ్ బ్రన్ 1929లో ప్రకటించిన పద్ధతి మేలైనది. ఒకే విడతలో లోబ్ తీసి, ఛాతీలో గొట్టం ఉంచి గాలిని, ద్రవాన్ని బయటికి లాగించాడు. మిగిలిన ఊపిరితిత్తి విచ్చుకుని ఖాళీని నింపేది, చీము పట్టే ముప్పు తగ్గేది. 1931లో బెర్లిన్‌లో రుడాల్ఫ్ నిస్సెన్ పన్నెండేళ్ల బాలిక ఊపిరితిత్తి మూలాన్ని రబ్బరు గొట్టంతో బిగించి కట్టాడు. రెండు వారాలకు అది ఊడి వచ్చింది, బాలిక బతికింది. 1933 ఏప్రిల్ 5న సెయింట్ లూయిస్‌లో ఎవార్ట్స్ గ్రాహమ్, క్యాన్సర్ సోకిన ఒక వైద్యుడి ఎడమ ఊపిరితిత్తిని ఒకే విడతలో తీశాడు. ఖాళీ పూడడానికి పక్కటెముకలు కూడా తొలగించాడు. ఆ రోగి మరో ముప్పై ఏళ్లు జీవించాడు. గ్రాహమ్ మాత్రం 1957లో అదే జబ్బుతో మరణించాడు. అదే 1933లో బాల్టిమోర్‌లో రైన్‌హాఫ్ రక్తనాళాలను, శ్వాసనాళాన్ని విడివిడిగా కట్టే నేర్పైన పద్ధతి చూపాడు. 1939లో సర్జన్లు చర్చిల్, బెల్సీలు లోబ్‌లో ఒక ఖండాన్ని మాత్రమే తీసే మార్గం తెలిపారు.

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి శానిటోరియంల కాలంలో క్షయకు పక్కటెముకలు తీసి ఊపిరితిత్తిని కుదించేవారు. భుజం వాలి, వెన్ను వంగిపోయేది. స్ట్రెప్టోమైసిన్, ఆ తర్వాతి మందులు ఈ చికిత్సను వెనక్కి నెట్టాయి.

తర్వాతి అర్ధశతాబ్దిలో మత్తు, యాంటీబయాటిక్స్, స్టేప్లర్లు ప్రమాదాన్ని తగ్గించాయి. కోత మాత్రం పెద్దగా మారలేదు. వీపు కండరాన్ని కోసి, ఇనుప సాధనంతో పక్కటెముకలను ఎడంచేసేవారు. ఎముకల నడుమ నరం నలిగి మంట, తిమ్మిరి నెలల తరబడి ఉండేవి. నొప్పికి జడిసి గట్టిగా దగ్గని రోగికి కఫం పేరుకుని న్యుమోనియా వచ్చేది.

1910లోనే స్టాక్‌హోమ్‌లో జాకోబ్యూస్ గొట్టంతో ఛాతీలోకి చూశాడు. చిన్న రంధ్రాల గుండా కెమెరాతో, ఎముకలను ఎడంచేయకుండా లోబ్ తీయడం 1990ల మొదట్లో వచ్చింది. 2016లో వెలువడిన డెన్మార్క్ పరిశీలనలో 206 మందిని రెండు పద్ధతులకు విభజించారు: తొలి 24 గంటల్లో గణనీయమైన నొప్పి కెమెరా వర్గంలో 38 శాతానికి, కోత వర్గంలో 63 శాతానికి కలిగింది. బ్రిటన్‌లో 503 మందిపై జరిగిన వయొలెట్ పరిశీలన (2022) ఐదు వారాలకు శారీరక సామర్థ్యం కెమెరా పద్ధతిలోనే మెరుగని తేల్చింది.

లోబ్‌కు బదులు ఖండం తీస్తే ఊపిరి ఎక్కువగా మిగులుతుందన్నది పాత ఆశ. చిన్న క్యాన్సర్ గడ్డలున్న 1,106 మందిపై జపాన్‌లో జరిగి 2022లో వెలువడిన పరిశీలనలో ఐదేళ్ల మనుగడ ఖండం తీసినవారిలో 94.3, లోబ్ తీసినవారిలో 91.1 శాతం. శ్వాస సామర్థ్యంలో తేడా మాత్రం అనుకున్నంత రాలేదు. ఉన్నచోటే క్యాన్సర్ తిరగబెట్టడం ఖండం తీసినవారిలోనే ఎక్కువగా కనిపించింది.