మట్టికట్టలూ - కొలమానాలూ

చెరువుల చరిత్ర అంటే తవ్వించిన ప్రభువుల చరిత్రే అనుకునే అలవాటు మన సాహిత్యకారులకు ఇంకా పోలేదు. సప్తసంతానాలలో ఒకటిగా తటాకాన్ని కీర్తించడం మనకు కంఠతా వచ్చు. కట్ట తెగిన రాత్రి కింది గూడెం ఏమయిందో చెప్పిన కవిని మాత్రం వెదకాలి. 1369 నాటి పోరుమామిళ్ళ శాసనం ఈ విషయంలో కొంత మెరుగు. చెరువుకు పన్నెండు సాధనాలతోపాటు ఆరు దోషాలనూ అది లెక్కించింది. కట్టనుంచి నీరు ఊరటం వాటిలో ఒకటి.

తర్వాతి పాలకులకు ఈ చూపు కొరవడింది. నైజాం రాజ్యంలో వికారాబాదు పాయెగా జాగీరు. ఊరికి ఆ పేరు వచ్చింది వికార్-ఉల్-ఉమ్రా వల్లనే. దివానీలోనైనా, జాగీరులోనైనా చెరువు విలువ దాని కింది తరి భూమి శిస్తును బట్టే. కట్టమీద మన్ను పోసేది రైతూ, వెట్టివాడూ, తూము కాసేది నీరటి, రాబడి గడీకి.

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచింది. చనిపోయినవారు సుమారు 15,000 మంది అంటారు. అనంతగిరి కొండల్లో పుట్టిన ఆ నది నగరం చేరేలోపల పరీవాహకం నిండా చిన్న చెరువులే. విశ్వేశ్వరయ్య లెక్క ప్రకారం 788 చెరువుల్లో 221 తెగాయి. గొలుసుకట్టు చెరువుల గుణమే అంత. పైచెరువు మత్తడి చాలక నీరు కట్టమీదుగా పొర్లుతుంది, మట్టి కోసుకుపోతుంది, గండి నీరంతా ఒక్కపెట్టున కిందిచెరువు మీద పడుతుంది. విడివిడిగా చూస్తే అన్నీ చిన్నవే! రాజధాని రక్షణకు 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ లేచాయి.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. కొలమానం రద్దు కాలేదు. ఆయకట్టు 2,000 హెక్టార్ల లోపుంటే నేటికీ అది 'చిన్నతరహా'. అంటే కట్టను పొలంతో కొలుస్తున్నాం. 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం ఎత్తుతో కొలిచింది: 15 మీటర్లు దాటినవి, లేదా 10-15 మీటర్ల మధ్య ఉండి పొడవు, నిలువ వంటి అదనపు షరతుల్లో ఒకటైనా కలిగినవి. ప్రమాదాన్ని బట్టి వర్గీకరించడం ఆ గీత దాటినవాటికే. వికారాబాదు కొండవాలులోనో, తాండూరు దిక్కున కాగ్నాలో కలిసే వాగు మీదనో ఒక ఆసామి తన పట్టాభూమిలో ఎనిమిది మీటర్ల మట్టికట్ట వేశాడనుకుందాం. కింద కూలీల వాడే ఉన్నా, ఆ కట్టకు ఈ చట్టంలో చోటు లేదు.

చిన్నకట్ట ఏం చేస్తుందిలే అనే మిత్రులు అమెరికా సంగతి చూడాలి. జార్జియా రాష్ట్రంలోని టొకోవాలో 1977 నవంబరు 6న ఒక ప్రైవేటు కళాశాల మట్టికట్ట తెగి 39 మంది చనిపోయారు. దాని ఎత్తు దాదాపు 12 మీటర్లే. అక్కడ కట్ట ఎంత గట్టిది అని కాక, తెగితే కింద ప్రాణాలు పోతాయా అని అడిగి ప్రమాద వర్గం నిర్ణయిస్తారు. పెట్టుబడిదారీ దేశం అడిగింది గనుక ఆ ప్రశ్నను మనం వదులుకోనక్కర లేదు.

2020 అక్టోబరులో హైదరాబాదు శివారు గగన్‌పహాడ్ వద్ద అప్పచెరువు తెగింది. నీరు జాతీయ రహదారిని ముంచెత్తింది. ప్రాణాలు కోల్పోయినవారు కట్టకింద కాపురమున్నవారూ, దారిన పోయేవారూ. ఆయకట్టు లెక్కలో వీరెవరూ రారు.