పద్నాలుగో రోజు దాకా ఆగాలా?

చిన్నపిల్లల విరేచనాల గురించిన వైద్య మార్గదర్శకాల్లో 14 అన్న అంకె తరచూ కనిపిస్తుంది. రోజుకు మూడుసార్లు, లేదా అంతకు మించి, పల్చగా విరేచనాలై అవి 14 రోజులైనా తగ్గకపోతే ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని వేరే జబ్బుగా లెక్కగడుతుంది. కారణాలు వేరు, వైద్యం వేరు, పోషణ మీద పడే దెబ్బ వేరు కాబట్టి ఆ విభజన అవసరమైంది. అయితే ఆ గీత వైద్యులు కేసులను వర్గీకరించుకోవడానికి గీసుకున్నది. అన్ని రోజులు ఇంట్లో చూసి ఆ తర్వాత ఆసుపత్రికి రమ్మని దాని అర్థం కాదు. ఆధారాలను వరసగా చూస్తే, తల్లిదండ్రులు డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజు అంతకన్నా చాలా ముందే వస్తుందని తేలుతుంది.

ముందుగా ఒక మినహాయింపు. తల్లిపాలు మాత్రమే తాగే పసిబిడ్డ పాలు తాగిన ప్రతిసారీ పల్చగా, పసుపుపచ్చగా పోవచ్చు. అదే వయసు బిడ్డ మరొకరు వారానికోసారి పోవచ్చు. బిడ్డ బరువు పెరుగుతూ హాయిగా ఉంటే రెండూ మామూలే. కాబట్టి చూడాల్సింది ఎన్నిసార్లు అన్నదాన్ని కాదు, ఆ బిడ్డకు అలవాటైన తీరులో వచ్చిన మార్పును.

మామూలుగా వాంతులు, విరేచనాలు ఎన్నాళ్ళుంటాయి? బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ ఐదేళ్ళలోపు పిల్లల కోసం చెప్పిన లెక్క ఇది: వాంతులు ఒకటి రెండు రోజులుండి, చాలామందిలో మూడు రోజుల్లో ఆగిపోతాయి. విరేచనాలు ఐదు నుంచి ఏడు రోజులుంటాయి. దీని పక్కన బ్రెజిల్‌లోని ఫోర్తలేజా నగరపు పేదవాడలో పిల్లలను ఏళ్ళ తరబడి గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనాన్ని పెట్టి చూడాలి. ఏడు నుంచి పదమూడు రోజులు సాగే విరేచనాలను ఆ పరిశోధకులు విడిగా లెక్కించారు. ఏడాది నిండకముందే అలాంటివి వచ్చిన పిల్లలకు, తర్వాతి కాలంలో 14 రోజులు దాటే విరేచనాలు వచ్చే అవకాశం సుమారు రెట్టింపు కనిపించింది. ఎదుగుదల కూడా మందగించింది. ఒక్క వాడలో దొరికిన ఫలితాన్ని తెనాలికో వరంగల్‌కో నేరుగా అతికించలేం. పైగా ముందే బలహీనంగా ఉన్న పిల్లలకే విరేచనాలు ఎక్కువ రోజులు సాగి ఉండొచ్చు. అయినా ఒక వారం దాటిన విరేచనాలను ‘అదే తగ్గుతుందిలే’ అని వదిలేయకూడదనడానికి ఈ పాటి ఆధారం చాలు. వారం అయ్యేసరికి తగ్గుముఖం కనిపించకపోతే, బిడ్డ చూడటానికి బాగానే ఉన్నా డాక్టరుకు చూపించాలి.

ఇంతకన్నా కలవరపెట్టేది 2013లో లాన్సెట్‌లో వచ్చిన జెమ్స్ అధ్యయనం. ఆఫ్రికా, దక్షిణాసియాల్లో ఏడు చోట్ల దీన్ని నిర్వహించారు. వాటిలో కోల్‌కతా ఒకటి. ఒక మోస్తరు నుంచి తీవ్రమైన విరేచనాలతో ఆసుపత్రికి వచ్చిన ఐదేళ్ళలోపు పిల్లలను ఆ తర్వాత దాదాపు రెండు నెలల పాటు గమనించారు. అదే ప్రాంతంలో విరేచనాలు లేని పిల్లలతో పోలిస్తే వీళ్ళలో చనిపోయే అవకాశం 8.5 రెట్లు ఎక్కువగా తేలింది. ఆ మరణాల్లో సగానికి పైగా సంభవించింది ఆసుపత్రిలో చూపించుకున్న వారం రోజుల తర్వాత. సగానికి పైగా ఇంటి దగ్గరే. అందరికీ ఇంత ముప్పు ఉందని కాదు, వీళ్ళు జబ్బు ముదిరి వచ్చిన పిల్లలు. కానీ నీళ్ళ విరేచనాలు కట్టాయనగానే ప్రమాదం గడిచిందనుకునే అలవాటు మనది. ఆ అలవాటును ఈ ఫలితం నిలదీస్తుంది. తగ్గిన తర్వాత బిడ్డ తిండి మునుపటిలా తింటోందా, కోల్పోయిన బరువు తిరిగొచ్చిందా అన్నది అంగన్‌వాడీ తూకంలోనైనా చూసుకోవాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువుంటే అది తీవ్రమైన పోషణలోపం. అలాంటి బిడ్డ విషయంలో వారం లెక్క కూడా పనికిరాదు, విరేచనాలు మొదలైన రోజే వెళ్ళాలి.

అసలు రోజుల లెక్కతో పనిలేని సందర్భాలు మరికొన్ని ఉన్నాయి. రెండు నెలలు నిండని బిడ్డకు విరేచనాలు, మలంలో రక్తం, ఆకుపచ్చటి వాంతి, తాగింది తాగినట్టు కక్కేయడం, ఉండుండి కాళ్ళు ముడుచుకుని గుక్కపట్టి ఏడ్వడం: వీటిలో ఏదున్నా వెంటనే వెళ్ళాలి. ఆకుపచ్చ వాంతి పేగు మూసుకుపోయిందనడానికి గుర్తు కావచ్చు. ఆ ఏడుపు పేగులో పేగు చొరబడటం వల్ల కావచ్చు. రెండింటిలోనూ గంటలే విలువైనవి.

ఒంట్లో నీరు తగ్గడాన్ని కనిపెట్టే గుర్తులు మన ఇళ్ళలో చాలామందికి తెలుసు. కళ్ళు లోతుకు పోవడం, నడినెత్తిన మాడు గుంటపడటం, ఏడిస్తే కన్నీరు రాకపోవడం. వీటిని బేరీజు వేసిన సమీక్ష 2004లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. ఎక్కువ నమ్మదగినవిగా అందులో తేలినవి మూడు: వేలి కొసను నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రావడం ఆలస్యం కావడం, పొట్ట మీద చర్మాన్ని పట్టి వదిలితే మడత నిలిచిపోవడం, ఊపిరి తీరు మారడం. ఏ గుర్తూ ఒంటరిగా తీర్పు చెప్పలేదు, కలిపి చూడాలి. నా మట్టుకు నేను ఇంట్లోవాళ్ళకు చెప్పేది ఇంకా తేలిక: బిడ్డ మగతగా ఉండి తాగడానికి కూడా లేవకపోయినా, ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోయినా ఈ పరీక్షలేవీ చేస్తూ కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి.

ఈలోగా పట్టాల్సింది ఓఆర్ఎస్. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బనగావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి కలరా మరణాలను బాగా తగ్గించారు. ఇప్పటి ప్యాకెట్లో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు ఉంటాయి. ఈ నిష్పత్తిలోనే ఉంది కిటుకంతా. తీపి ఎక్కువైతే అది పేగులోకి ఇంకా నీటిని లాగుతుంది. అందుకే పేరులో మాత్రమే ఓఆర్ఎస్ ఉన్న తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడొద్దని ఆదేశించింది. రెండేళ్ళలోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. కక్కితే పది నిమిషాలాగి మళ్ళీ మొదలుపెట్టాలి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో విరేచనాలైన పిల్లల్లో ఓఆర్ఎస్ అందింది 60.6 శాతానికి, జింకు అందింది 30.5 శాతానికి.

ఓఆర్ఎస్‌తో పాటు ఇచ్చే జింకు గురించి కాస్త ఆచితూచి మాట్లాడాలి. ఆరు నెలలు దాటిన పిల్లల్లో అది విరేచనాలను సగటున ఓ అర రోజు తగ్గిస్తుందని, పోషణ లోపించినవాళ్ళలో ఒక రోజు దాకా తగ్గిస్తుందని కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఆరు నెలల్లోపు వాళ్ళలో లాభం కనిపించలేదు, వాంతులు మాత్రం పెరిగాయి. ఢిల్లీలోనూ టాంజానియాలోనూ 4,500 మంది పిల్లల మీద చేసి 2020లో ప్రచురించిన పరీక్షలో 20 మిల్లీగ్రాములకు బదులు 10, 5 మిల్లీగ్రాములు కూడా దాదాపు అంతే పనిచేశాయి, వాంతులు తగ్గాయి. యాంటీబయాటిక్ సంగతి ఇంకా స్పష్టం. రక్తం పడని విరేచనాలతో వచ్చిన ఎనిమిది వేలకు పైగా పిల్లలకు, భారత్ సహా ఏడు దేశాల్లో, అజిత్రోమైసిన్ ఇచ్చి చూస్తే ఆరు నెలల్లో మరణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. విరేచనాలు కట్టడానికి పెద్దలు వేసుకునే లోపరమైడ్ చిన్నపిల్లలకు అసలే వద్దు.

ఆలస్యానికి దారితీసేది చాలాసార్లు మందు కాదు, ఒక వివరణ. పళ్ళొస్తున్నాయి, వేడి చేసింది, దిష్టి తగిలింది. పళ్ళ గురించి 2016లో వచ్చిన సమీక్షలో తరచూ కనిపించినవి చిగుళ్ళ మంట, చిరాకు, చొల్లు. ఆ వయసులోనే బిడ్డ పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుందని మరిచిపోతాం. తిండి మాన్పించడం రెండో పొరపాటు. ఆరు దేశాల్లో, మన దేశమూ ఉంది వాటిలో, 14 రోజులు దాటిన విరేచనాలున్న 460 మంది పిల్లలకు ధాన్యం, నూనె, కొద్దిగా పాలు లేదా పెరుగుతో చేసిన ఆహారం పెట్టారు. దానికి నిలవని వాళ్ళకు పాలచక్కెర లేని ఆహారం ఇచ్చారు. మొత్తం మీద 80 శాతం మంది కోలుకున్నారు. మెత్తటి పెరుగన్నంలో చెంచాడు నూనె వేసి పెట్టే అమ్మమ్మకు ఇది కొత్త విషయమేం కాదు.

ఇక ఆడుతూ పాడుతూ, బరువు పెరుగుతూ, నెల దాటినా రోజుకు నాలుగైదుసార్లు నొప్పి లేకుండా పల్చగా పోయే బిడ్డ ఉంటుంది. మలంలో క్యారెట్ ముక్కలు అలాగే కనిపిస్తాయి. ఐదేళ్ళలోపు ఇది చాలావరకు జబ్బు కాదు. పళ్ళరసాలు తగ్గించి, కొవ్వు తగ్గకుండా పెడితే చాలామందిలో కుదురుకుంటుంది. అయినా ఒకసారి డాక్టరు తూకం చూసి ఆ మాట అనాలి, మనంతట మనం అనుకోకూడదు. ఎందుకంటే బరువు ఆగిపోయి, పొట్ట ఉబ్బి, ఒళ్ళు పాలిపోయి ఉంటే సీలియాక్ లాంటివి వెతకాల్సి వస్తుంది. గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు ఇది. 2016లో వచ్చిన అధ్యయనంలో ఉత్తరాదిన పెద్దవాళ్ళలో 1.23 శాతానికి, దక్షిణాదిన 0.10 శాతానికి ఇది కనిపించింది. జబ్బుకు అనువైన జన్యువులున్నవాళ్ళ శాతంలో మాత్రం పెద్ద తేడా లేదు. తేడా గోధుమ తినడంలో ఉంది. చపాతీ, పాస్తా రోజువారీ తిండైపోయిన ఢిల్లీ, డల్లాస్ తెలుగు కుటుంబాలు దీన్ని ‘మనకు రాని జబ్బు’ అనుకోవడానికి వీల్లేదు. అనుమానం వచ్చినా పరీక్షకు ముందే గోధుమ మాన్పించకూడదు. మానేస్తే రక్తంలో వెతికే గుర్తులు తగ్గిపోయి, జబ్బు ఉన్నా లేనట్టు ఫలితం రావచ్చు.