ఫ్రెంచి పదం, ఇంగ్లీషు అర్థం: ఒక పదపట్టిక చరిత్ర

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ఇంగ్లీషులోకి ఫ్రెంచి పదాలు ఎప్పుడు, ఎందుకు వచ్చాయో వివరించగలుగుతారు.
• ఫ్రెంచి–ఇంగ్లీషు పదపట్టికలను చారిత్రక ఆధారాలుగా పరిశీలించగలుగుతారు.
• పోలిక ఉన్న పదాల్లో ఏవి నమ్మదగినవో, ఏవి మోసం చేస్తాయో గుర్తించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

ఫ్రెంచి నేర్చుకోవడానికి మీరు ఏ పుస్తకం తెరిచినా మొదటి పేజీల్లో ఒక పట్టిక కనిపిస్తుంది. ఎడమవైపు ఫ్రెంచి పదం, కుడివైపు ఇంగ్లీషు అర్థం. విద్యార్థి దాన్ని బట్టీపట్టి ముందుకు సాగుతాడు. ఆ రెండు వరుసల మధ్య తొమ్మిది వందల ఏళ్ల చరిత్ర ఉంది. దండయాత్ర, భూస్వామ్యం, వర్తకం, మతహింస అన్నీ అందులో జాడలు వదిలాయి. ఈ చరిత్ర తెలిసినవారికి పట్టికలో సగం పదాలు సులువుగా గుర్తుంటాయి. తెలియనివారు తెలిసిన పదమే కదా అనుకున్న చోట తప్పులో కాలేస్తారు.

తెలుగు మాధ్యమం విద్యార్థికి ఈ విషయం మరింత ముఖ్యం. ఫ్రెంచి పదానికి ఇచ్చిన ఇంగ్లీషు అర్థం మనకు మాతృభాషలోది కాదు. ఒక పరాయి భాష ద్వారా మరో పరాయి భాషను చేరుతున్నాం. కాబట్టి మధ్యనున్న మెట్టు ఎలా తయారైందో తెలుసుకోవాలి.

గమనిక: ఫ్రెంచి ఉచ్చారణను ఇక్కడ తెలుగు లిపిలో దగ్గరగా మాత్రమే చూపించాం. ముక్కుతో పలికే అచ్చులకు అరసున్న వాడాం.

2. ఒక దేశం, మూడు భాషలు

1066 అక్టోబరు 14న హేస్టింగ్స్ యుద్ధంలో నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండు రాజు హెరాల్డును ఓడించాడు. అదే సంవత్సరం క్రిస్మస్ రోజున పట్టాభిషిక్తుడయ్యాడు. కొద్ది ఏళ్లలోనే పెద్ద భూస్వాములు, బిషప్పులు చాలావరకు నార్మన్లే అయ్యారు. వారి భాష ఫ్రెంచిలో ఒక మాండలికం. పొలంలో, వీధిలో ఇంగ్లీషు కొనసాగింది. చర్చిలో, అధికార పత్రాల్లో లాటిన్ ఉండేది. 1086 నాటి ప్రసిద్ధ భూసర్వే ‘డూమ్స్‌డే’ గ్రంథం కూడా లాటిన్‌లోనే ఉంది.

ఈ విభజనకు పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇచ్చే ఉదాహరణ మాంసం. పశువు బతికి ఉన్నంతకాలం దాని పేరు ఇంగ్లీషే: ఆక్స్, షీప్, కాఫ్, స్వైన్. వంటకమై బల్లమీదికి వచ్చాక ఫ్రెంచి పేరు: బీఫ్, మటన్, వీల్, పోర్క్. పశువును మేపినవాడు ఇంగ్లీషువాడు, తిన్నవాడు నార్మన్ అన్నది దీని సారాంశం. వాల్టర్ స్కాట్ నవల ‘ఐవాన్‌హో’ ఈ పరిశీలనను లోకమంతా వ్యాపింపజేసింది. అయితే చరిత్ర విద్యార్థి దీన్ని పూర్తిగా నమ్మకూడదు. మధ్యయుగపు ఇంగ్లీషులో ‘మటన్’ అనే మాటను బతికున్న గొర్రెకు కూడా వాడేవారు. పశువుకొక పేరు, మాంసానికొక పేరు అన్న స్పష్టమైన తేడా ఏర్పడటానికి శతాబ్దాలు పట్టింది. ఫ్రెంచిలో ఆ తేడా నేటికీ లేదు. ‘మూతోఁ’ అంటే గొర్రె, గొర్రె మాంసం రెండూ.

పాలన, న్యాయ రంగాల్లో నార్మన్ ప్రభావం మరింత గాఢం. కోర్టు (ఫ్రెంచిలో కూర్), జడ్జి (జూజ్), అప్పీలు (అపెల్), డిక్రీ (దెక్రే), ప్రిజన్ (ప్రిజోఁ), పార్లమెంటు (పార్లమాఁ) అన్నీ అలా వచ్చినవే. చివరి పదానికి మూలం ‘పార్లే’, అంటే మాట్లాడటం. పొలం గట్టు తగాదాతో కోర్టుకెక్కిన మన రైతు కూడా ఇంగ్లీషు ద్వారా వచ్చిన ఈ ఫ్రెంచి మాటలను తెలియకుండానే వాడుతున్నాడు.

3. తొలి పదపట్టిక ఎవరి కోసం?

దండయాత్ర జరిగిన వెంటనే ఫ్రెంచి పదాలు ఇంగ్లీషులోకి వెల్లువలా వచ్చాయని చాలామంది భావిస్తారు. నిజానికి వెల్లువ వచ్చింది 1250 తరువాత. అంటే ఇంగ్లండులో ఫ్రెంచి మాతృభాషగా క్షీణిస్తున్న కాలంలో. దీనికి కారణం 1204లో దొరుకుతుంది. ఆ ఏడు జాన్ రాజు నార్మండీని ఫ్రాన్సుకు కోల్పోయాడు. రెండు తీరాల్లోనూ భూములున్న ప్రభువులు ఏదో ఒక రాజుకే విధేయులుగా ఉండాల్సి వచ్చింది. ఇంగ్లండులో మిగిలినవారి పిల్లలు దాదుల ఒడిలో ఇంగ్లీషు నేర్చారు. పెద్దయ్యాక వారు ఇంగ్లీషులో మాట్లాడుతూనే హోదాకు, చట్టానికి, ఫ్యాషన్‌కు సంబంధించిన మాటలను ఫ్రెంచిలోనుంచి వెంట తెచ్చుకున్నారు. భాష మారినవారు పదాలను మోసుకువచ్చారు.

ఇంట్లో సహజంగా రాని భాషను నేర్పవలసి వచ్చినప్పుడే పాఠ్యపుస్తకం పుడుతుంది. 13వ శతాబ్దం మధ్యలో ఎసెక్స్ ప్రాంతపు నైట్ వాల్టర్ ఆఫ్ బిబ్స్‌వర్త్, డయొనీసియా ద మున్షెన్సీ అనే కులీన మహిళకు ఆమె పిల్లల చదువు కోసం ఫ్రెంచి పద్యాల్లో ఒక పుస్తకం రాశాడు. శిశువు పుట్టుకతో మొదలై శరీర భాగాలు, ఇల్లు, పొలం పనులు, పక్షులు, జంతువుల మీదుగా విందుతో ముగుస్తుంది. ఫ్రెంచి పంక్తుల మధ్య కష్టమైన పదాలకు ఇంగ్లీషు అర్థాలు రాసి ఉంటాయి. నేటి మన పట్టికకు అది పూర్వరూపం.

ఎస్టేటు నడపబోయే పిల్లలకు దుక్కి, నేత, వంట, బ్రూయింగ్ వంటి పనుల్లో ఫ్రెంచి మాటలు కావాలి. పదాల ఎంపికలోనే ఆ వర్గం అవసరం కనిపిస్తుంది. ఆయన బోధనా పద్ధతి కూడా గమనించదగినది. వినడానికి దగ్గరగా ఉన్న మాటలను ఒకచోట చేర్చి తేడా చూపిస్తాడు. పెదవి, కుందేలు, పౌను, పుస్తకం అనే అర్థాలున్న నాలుగు మాటలను అలాగే కలిపాడు. నేటి ఫ్రెంచిలో అవి లెవ్ర్, లియెవ్ర్, లివ్ర్, లివ్ర్. చివరి రెంటికీ తేడా లింగమే. ‘లా లివ్ర్’ పౌను, ‘ల లివ్ర్’ పుస్తకం. మహత్, అమహత్ అనే విభజనకు అలవాటుపడిన మనకు పుస్తకానికి పుంలింగం వింతగా తోస్తుంది. కాబట్టి ఫ్రెంచి నామవాచకాన్ని ఎప్పుడూ ‘ల’ లేదా ‘లా’తో కలిపే రాసుకోవాలి.

4. వర్తకులు, రాజకుమార్తెలు, శరణార్థులు

14వ శతాబ్దంలో ఇంగ్లీషు తిరిగి తలెత్తింది. 1362లో న్యాయస్థానాల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని శాసనం చేశారు. విచిత్రమేమంటే ఆ శాసనం రాసింది ఫ్రెంచిలోనే. 1385లో జాన్ ట్రెవీసా అనే అనువాదకుడు పాఠశాలల్లో ఫ్రెంచి పోయి ఇంగ్లీషు వచ్చిందని నమోదు చేశాడు. పిల్లలు త్వరగా నేర్చుకుంటున్నారని సంతోషించాడు, కానీ విదేశాలకు వెళ్తే వారికి ఫ్రెంచి రాదని విచారించాడు. బోధనా మాధ్యమం గురించి మనం నేడు చేసుకునే వాదనకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి.

ఇక నుంచి ఫ్రెంచి పరాయి భాషే. నేర్చుకునేవారూ మారారు. 1480 ప్రాంతంలో విలియం కాక్స్టన్ ఒక ఫ్రెంచి–ఇంగ్లీషు సంభాషణల పుస్తకం అచ్చువేశాడు. దాని మూలం బ్రూజ్ నగరంలో ఫ్రెంచి, ఫ్లెమిష్ భాషల్లో తయారైన పాత పుస్తకం. వృత్తుల పేర్లు, సరుకులు, బేరసారాలు అందులో ముఖ్యం. పుస్తకం భూస్వామి ఇంటినుంచి సంతకు చేరింది. 1530లో జాన్ పాల్స్‌గ్రేవ్ ఇంగ్లీషులో బృహత్తరమైన ఫ్రెంచి వ్యాకరణం ప్రచురించాడు. ఆయన ఎనిమిదో హెన్రీ చెల్లెలు మేరీకి ఫ్రెంచి నేర్పిన గురువు. ఆమె 1514లో ఫ్రాన్సు రాజు పన్నెండో లూయీని పెళ్లాడింది. ఇక్కడ పదకోశం వివాహ దౌత్యానికి పనికివచ్చింది.

16వ శతాబ్దంలో ఫ్రాన్సులో మతయుద్ధాలు రేగాయి. హ్యూగెనోలనే ప్రొటెస్టెంట్లు ఎందరో లండన్‌లో తలదాచుకున్నారు. వారిలో పలువురికి భాషాబోధనే జీవనాధారం. క్లోడ్ హోలీబాండ్ అనే పేరుతో ప్రసిద్ధుడైన ఉపాధ్యాయుడు సెయింట్ పాల్స్ చర్చి ఆవరణలో బడి నడిపాడు. 1573లో ‘ఫ్రెంచ్ స్కూల్‌మాస్టర్’ పుస్తకం వెలువరించాడు. 1685లో పద్నాలుగో లూయీ నాంట్ శాసనాన్ని రద్దు చేసినప్పుడు మరో పెద్ద వలస సాగింది. ‘రెఫ్యూజీ’ అనే మాట ఇంగ్లీషులో స్థిరపడింది ఆ వలసతోనే. ఫ్రెంచిలో అది ‘రెఫ్యుజియే’. దేశం విడిచినవారు తమ స్థితికి పేరును కూడా వెంట తెచ్చారు.

5. పోలికల్లోని సూత్రాలు

చరిత్ర తెలిస్తే జ్ఞాపకానికి పట్టు దొరుకుతుంది. మూడు సూత్రాలు చూద్దాం.

(అ) పోయిన ‘స’కారం: ఫ్రెంచిలో కాలక్రమేణా కొన్ని హల్లుల ముందు ‘స్’ ధ్వని పోయింది. ఇంగ్లీషు అంతకుముందే పదాన్ని తీసుకోవడంతో అక్కడ నిలిచింది. ఫారెస్ట్–ఫోరే, హాస్పిటల్–ఓపితాల్, బీస్ట్–బెత్, ఫీస్ట్–ఫెత్, కోస్ట్–కోత్. రాతలో ఆ అచ్చుపై కనిపించే టోపీ గుర్తు పోయిన ‘స్’కు సమాధిరాయి. ఫ్రెంచి అకాడమీ నిఘంటువు 1740 ముద్రణలో ఈ గుర్తు స్థిరపడింది. హాస్టల్ అనే మాట ‘స్’ ఉన్న కాలంలో వచ్చింది, హోటల్ అది పోయాక వచ్చింది.

(ఆ) మొదటి ‘ఎ’: స్టేట్–ఎతా, స్పైస్–ఎపిస్, స్ట్రేంజర్–ఎత్రాఁజే, స్టడీ–ఎత్యూద్. ఫ్రెంచి పదం ‘ఎ’తో మొదలైతే దాన్ని తీసి ‘స్’ పెట్టి చూడండి. చాలాసార్లు తెలిసిన పదం బయటపడుతుంది.

(ఇ) నార్మన్ ‘వ’, పారిస్ ‘గ’: నార్మన్ మాండలికంలో ‘వ’ ఉన్నచోట పారిస్ ఫ్రెంచిలో ‘గ’ వచ్చింది. అందుకే ఇంగ్లీషు వార్, ఫ్రెంచి గేర్. కొన్ని పదాలు ఇంగ్లీషులోకి రెండు రూపాల్లోనూ చేరాయి. హాస్టల్ దరఖాస్తులో గార్డియన్ సంతకం, వార్డెన్ సంతకం వేరువేరుగా ఉంటాయి. పుట్టుకలో ఆ రెండు మాటలూ కవలలే. ఫ్యాను కొన్నప్పుడు దుకాణదారుతో వాదించే గ్యారంటీ, వారంటీలు కూడా ఒకే మూలం నుంచి వచ్చినవే.

6. దారులు వేరైన మిత్రులు

రూపం ఒకటై అర్థం వేరైన పదాలను ఫ్రెంచివారు ‘ఫోజామీ’ అంటారు. కపట మిత్రులని దాని భావం. 1928లో కోస్లర్, దెరొకిన్యీ అనే ఇద్దరు రచయితల పుస్తకంతో ఈ పేరు ప్రచారంలోకి వచ్చింది. నా ఉద్దేశంలో వీరు కపటులు కారు. ఒకప్పుడు కలిసి ఉండి, తరువాత దారులు వేరైనవారు. ‘జూర్నే’ అంటే ఫ్రెంచిలో పగటి పొద్దు. పూర్వం ఒక పగటిలో చేయగల ప్రయాణాన్ని కూడా ఆ మాటతోనే చెప్పేవారు. ఇంగ్లీషులో ప్రయాణం మిగిలి రోజు పోయింది, అదే జర్నీ. 16వ శతాబ్దపు ఫ్రెంచి రచయిత మొంటేన్ తన గ్రంథాలయాన్ని ‘లిబ్రేరీ’ అనే రాశాడు. నేటి ఫ్రెంచిలో లిబ్రేరీ అంటే పుస్తకాల దుకాణం.

అన్నింటికన్నా నాకు బాగా గుర్తున్నది ‘దమాఁదే’. దానికి మామూలు అర్థం అడగటం. ఇంగ్లండు న్యాయస్థానాల్లో హక్కుగా అడగటానికి వాడుకై, క్రమంగా ఇంగ్లీషు ‘డిమాండ్’ గట్టితనం సంతరించుకుంది. ఫ్రెంచివారు 1723 నుంచి యానాంలో స్థావరం పెట్టుకున్నారు, 1954 వరకు అక్కడ పాలించారు. వారి తీరప్రాంత వర్తకంపై ఆసక్తితో నేను పరిశోధన విద్యార్థిగా ఉన్నప్పుడు 18వ శతాబ్దపు ఉత్తరాలు చదవబోయాను. ఒక ఉత్తరంలో వర్తకుడు గడువు కోరితే, నేను ‘డిమాండు చేశాడు’ అని రాసుకున్నాను. అంతటితో ఆగక, ఆ ఒక్క మాట ఆధారంగా విదేశీ వర్తకుల అహంకారంపై రెండు పేజీలు నింపాను. మా గురువుగారు ఎర్రసిరాతో ఆ రెండు పేజీలూ కొట్టేసి పక్కన ‘అడిగాడు’ అని ఒకే మాట రాశారు. చనిపోయినవారి నోట వారు అనని మాట పెట్టడం చరిత్రకారుడు చేయకూడని పని. పదకోశాన్ని తేలిగ్గా తీసుకుని నేను చేసింది అదే.

7. మీ పట్టికను మీరే తయారుచేసుకోండి

నోటుబుక్కులో రెండు వరుసలు చాలవు. నాలుగు గీసుకోండి: లింగసూచకంతో ఫ్రెంచి పదం, దాన్ని పోలిన ఇంగ్లీషు మాట, అసలు అర్థం తెలుగులో, ఒక వాక్యం. కొన్ని నమూనాలు:

• అతాఁద్ర్ – అటెండ్ కాదు – ఎదురుచూడు – ‘జతాఁ ల బ్యూస్’: బస్సు కోసం ఎదురుచూస్తున్నాను.
• దమాఁదే – డిమాండ్ కాదు – అడుగు – ‘జ దమాఁద్ ల ప్రి’: ధర అడుగుతున్నాను.
• రెస్తే – విశ్రాంతి కాదు – ఉండు – ‘జ రెస్త్ ఇసి’: ఇక్కడే ఉంటాను.
• బ్లెసే – దీవించు కాదు – గాయపరచు – ‘ఇల్ ఎ బ్లెసే’: అతనికి గాయమైంది.
• లా మొనే – డబ్బు కాదు – చిల్లర – ‘వుజావే ద లా మొనే?’: మీ దగ్గర చిల్లర ఉందా?

తెలుగు వరుసను వదలకండి. ఇంగ్లీషు అర్థం మిమ్మల్ని గుమ్మం దాకా తీసుకువెళ్తుంది. లోపల ఏముందో మీ భాషలో చెప్పగలిగినప్పుడే పదం మీదవుతుంది.

8. సారాంశం

నార్మన్ దండయాత్రతో మొదలైన భాషా సంపర్కం ఇంగ్లీషు పదజాలాన్ని మార్చింది. ఫ్రెంచి మాతృభాషగా తగ్గుతున్నప్పుడే పదాలు ఎక్కువగా చేరాయి, పదపట్టికలూ అప్పుడే అవసరమయ్యాయి. భూస్వామి, వర్తకుడు, రాజకుమార్తె, శరణార్థి తమ అవసరాన్ని బట్టి ఆ పట్టికలను మలిచారు. ఈ ప్రయాణం ఇంగ్లండుతో ఆగలేదు. ఫ్రెంచివారి ‘మూతోఁ’ గొర్రె, ఇంగ్లీషువారి ‘మటన్’ గొర్రె మాంసం, మన అంగడి బోర్డుమీది ‘మటన్’ చాలాచోట్ల మేక మాంసం. ఆ బోర్డు కింద నిలబడినప్పుడు ఈ పాఠాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి.

9. మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 1204 నాటి సంఘటన ఇంగ్లండులో ఫ్రెంచి భాష స్థితిని ఎలా మార్చింది?
2. బిబ్స్‌వర్త్, కాక్స్టన్ పుస్తకాలు ఎవరి అవసరాలను ప్రతిబింబిస్తాయి? పోల్చి రాయండి.
3. వార్డెన్, గార్డియన్ అనే రెండు రూపాలు ఎలా ఏర్పడ్డాయి?
4. మీరు రోజూ వాడే మాటల్లో ఫ్రెంచి మూలం ఉన్నవాటిని పది సేకరించి, ఒక్కొక్కటి ఏ రంగానికి చెందిందో వర్గీకరించండి.