మూడు నిమిషాల భోజనం: విల్లోబ్రూక్ నుంచి గ్రూప్ హోమ్ దాకా

ఈ ఎపిసోడ్‌లో ఒక స్కూలు గురించి చెప్తాను. పేరుకే స్కూలు. న్యూయార్క్‌లోని స్టేటెన్ ఐలాండ్‌లో ఉండేది, పేరు విల్లోబ్రూక్. మేధో వైకల్యం ఉన్న పిల్లల్నీ పెద్దల్నీ అక్కడ ఉంచేవాళ్లు. 4,000 మంది కోసం కట్టిన చోట 1960ల్లో 6,000 మందికి పైగా ఉన్నారు.

అంతమందిని ఒకేచోట కుక్కితే ఏమవుతుంది? రోగాలు వస్తాయి. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ అక్కడ విపరీతంగా వ్యాపించింది. 1950ల నుంచి డాక్టర్ సాల్ క్రుగ్‌మన్ బృందం అక్కడి కొందరు పిల్లలకు కావాలనే ఆ వైరస్ ఇచ్చి పరిశోధన చేసింది. తల్లిదండ్రుల సంతకాలు తీసుకున్నారు. ఎలాగూ అంటుకునే జబ్బే కదా అన్నది వాళ్ల వాదన. మరి అంటుకోకుండా చూడాల్సింది ఎవరు? నా ప్రశ్న అదే.

1972లో జెరాల్డో రివెరా అనే టీవీ రిపోర్టర్ కెమెరాతో లోపలికి వెళ్లాడు. అక్కడ పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్న డాక్టర్ మైకేల్ విల్కిన్స్ దారి చూపించాడు. ఒక్కో పిల్లాడికి తినిపించడానికి దొరికే టైమ్ దాదాపు మూడు నిమిషాలేనని జనానికి అప్పుడు తెలిసింది. గబగబా నోట్లో కుక్కితే తిండి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, న్యుమోనియా వస్తుంది. అంటే అన్నం పెట్టే పద్ధతే ప్రాణం మీదకి తెచ్చేది.

అదే ఏడాది తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1975లో ఒప్పందం కుదిరింది, 1987లో విల్లోబ్రూక్ మూతపడింది. చాలామంది మామూలు వీధుల్లోని చిన్న గ్రూప్ హోమ్‌లకు మారారు.

కథ అక్కడితో అయిపోలేదు. చిన్న ఇళ్లలో ఇంకో సమస్య మొదలైంది: రోజంతా టీవీ ముందు కూర్చోవడం, బరువు పెరగడం, షుగర్, గుండె జబ్బులు. దీనికి తాళం వేసిన ఫ్రిజ్ మందు కాదు. బొమ్మల మెనూ చూపించి ఏం తింటారో వాళ్లనే అడగాలి. కూరగాయలు కొనడానికి వెంట తీసుకెళ్లాలి, వంటలో చెయ్యి వేయనివ్వాలి, సాయంత్రం కలిసి నడవాలి. నొప్పి నోటితో చెప్పలేనివాళ్లు ఉంటారు. ఎప్పుడూ తినే మనిషి ఇవాళ కంచం తోసేస్తే, మొండితనం అనుకోకముందు పంటి నొప్పేమో చూడాలి.

బెర్నార్డ్ కారబెల్లోకి ఉన్నది సెరిబ్రల్ పాల్సీ. మేధో వైకల్యం అని పొరబడి విల్లోబ్రూక్‌లో చేర్చారు, అక్కడే 18 ఏళ్లు గడిపాడు. బయటికొచ్చాక తనలాంటి వాళ్ల హక్కుల కోసం గొంతెత్తాడు.

గోడలు కూల్చడానికి కోర్టు తీర్పు చాలు. ఆరోగ్యం మాత్రం రోజూ పూట పూటా, పక్కన కూర్చుని, తొందరపెట్టకుండా తినిపించే మనిషి చేతిలో ఉంటుంది. మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఇలాంటి అన్నో చెల్లో ఉంటే, వాళ్లకేం ఇష్టమో ఈరోజే అడగండి. మళ్లీ కలుద్దాం.